పాత వాహనాల పునరుద్ధరణ

పాత వాహనాల పునరుద్ధరణ అనగా చాలాకాలం క్రితం తయారై, నడక ఆగిపోయిన లేదా శిథిలమైన కారు, జీపు, మోటారు సైకిలు వంటి వాహనాన్ని దాని తొలి రూపానికి వీలయినంత దగ్గరగా తిరిగి తీసుకొని రావడం. మామూలు మరమ్మత్తుకూ దీనికీ తేడా ఉన్నది. మరమ్మత్తు లక్ష్యం వాహనం నడవడం. పునరుద్ధరణ లక్ష్యం ఆ వాహనం తన కాలానికి సాక్ష్యంగా నిలవడం. ఈ పనిలో రెండు ప్రధాన సమస్యలు ఎదురవుతాయి. ఒకటి సరైన విడిభాగం దొరకడం, రెండవది దానిని అమర్చడం తెలిసిన పనివాడు దొరకడం. నర్సీపట్నం వంటి పట్టణంలో ఉండేవారికి ఇందుకు గల మార్గాలను, పాటించవలసిన పద్ధతులను, సంబంధిత చట్టాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

వర్గీకరణ

వ్యవహారంలో పాత కారు ఏదైనా "వింటేజ్ కారు" అని పిలువబడుతున్నా, ఈ పదానికి కచ్చితమైన అర్థాలు ఉన్నాయి. బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం 1904 వరకు తయారైనవి వెటరన్, 1905 నుండి 1918 వరకు తయారైనవి ఎడ్వర్డియన్, 1919 నుండి 1930 వరకు తయారైనవి వింటేజ్ వాహనాలు. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య (ఫీవా) కనీసం 30 సంవత్సరాల వయస్సు గల వాహనాలను చారిత్రక వాహనాలుగా పరిగణిస్తుంది. భారతదేశంలో 2021 నాటి నియమాల ప్రకారం తొలి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలు.

నర్సీపట్నం ప్రాంతం

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోని పట్టణం, రెవిన్యూ డివిజన్ కేంద్రం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. చింతపల్లి, లంబసింగి, కృష్ణదేవిపేట వైపు గల మన్యం ప్రాంతానికి ఇది ముఖద్వారం. ఘాట్ రోడ్లపై ప్రయాణానికి జీపులు ఎక్కువగా వాడబడిన ప్రాంతం కావున, పాత జీపు ఇంజనును విప్పి బిగించడం తెలిసిన మేస్త్రీలు ఇటువంటి చోట్ల తయారయ్యారు. పెద్ద మరమ్మత్తులకు, అరుదైన భాగాలకు మాత్రం సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం వెళ్ళవలసి ఉంటుంది.

మొదటి పని - గుర్తింపు

విడిభాగాల కోసం వెతకడానికి ముందు వాహనం ఏదో కచ్చితంగా తెలుసుకోవాలి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, తయారీదారు బిగించిన రేకుపై ఉన్న వివరాలు రాసుకోవాలి. వీటిని ఆర్.సి. పుస్తకంతో సరిపోల్చాలి. ఒకే పేరుతో చాలాకాలం తయారైన వాహనాల విషయంలో ఇది మరీ అవసరం. ఉదాహరణకు హిందుస్తాన్ మోటార్స్ వారి అంబాసిడర్ కారు బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా 1950 దశకం చివరలో మొదలై 2014 వరకు తయారయినది. బయటి రూపం పెద్దగా మారకపోయినా, లోపలి ఇంజనులు పలుమార్లు మారాయి. "అంబాసిడర్ వాటర్ పంపు కావాలి" అని అడిగినంత మాత్రాన సరైనది దొరకదు.

మరొక ఉపయోగం కూడా ఉన్నది. అంబాసిడర్‌లో చాలాకాలం వాడబడిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను బ్రిటన్‌లో ఎం.జి.ఎ. వంటి కార్లలో వాడిన బి.ఎం.సి. 'బి' శ్రేణికి చెందినది. ప్రీమియర్ పద్మిని ఇటలీకి చెందిన ఫియట్ 1100 యొక్క భారతీయ రూపం. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్‌కు, మైసూరులో తయారైన జావా మోటారు సైకిలు చెకోస్లొవేకియా జావాకు బంధువులు. ఇక్కడ అంతరించిన భాగం మూల దేశంలో ఇంకా తయారవుతూ ఉండవచ్చును. ఈ బంధుత్వాలు తెలిసినవారికి వెతికే పరిధి పెరుగుతుంది.

వాహనాన్ని విప్పే ముందు ప్రతి భాగానికీ ఛాయాచిత్రం తీయాలి. విప్పిన బోల్టులను, వాషర్లను వేర్వేరు డబ్బాలలో పేర్లు రాసి ఉంచాలి. పాత బ్రిటిష్ వాహనాల మరలు విట్‌వర్త్, బి.ఎస్.ఎఫ్. వంటి కొలతలలో ఉంటాయి. వాటిలో నేటి మెట్రిక్ బోల్టును బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది.

విడిభాగాలు దొరికే మార్గాలు

ప్రామాణిక భాగాలు: బేరింగులు, ఆయిల్ సీళ్ళు, ఫ్యాను బెల్టుల వంటివి ప్రామాణిక కొలతలలో తయారవుతాయి. పాత బేరింగుపై ఉన్న నంబరు చదివితే అదే కొలత గల కొత్త బేరింగు సాధారణ దుకాణంలోనే దొరకవచ్చును. వాహనం పేరు చెప్పి లేదనిపించుకున్న భాగం, కొలత చెప్పి అడిగినప్పుడు దొరకడం ఈ పనిలో తరచు జరుగుతుంది.

పాత నిల్వలు: చిన్న పట్టణాలలోని పాత స్పేర్ పార్టుల దుకాణాలలో, అమ్ముడుపోక అటకమీద ఉండిపోయిన భాగాలు దొరుకుతాయి. తయారీ ఆగిపోయిన వాహనాలకు ఇవి విలువైనవి. అయితే నిల్వ ఉన్న రబ్బరు భాగాలు గట్టిపడి పనికిరాకుండా పోతాయి. లోహ భాగాలనే కొనడం మంచిది.

ఆటోనగర్లు, పాత సామాన్ల బజార్లు: విశాఖపట్నంలో గాజువాక వద్ద, విజయవాడలో ఉన్న ఆటోనగర్లలో విడిభాగాల దుకాణాలు, లేతు మిషన్లు, బాడీ కట్టేవారు ఒకేచోట ఉంటారు. హైదరాబాదులోని జుమేరాత్ బజార్, చెన్నైలోని పుదుపేట, ముంబైలోని చోర్ బజార్ పాత సామాన్లకు పేరు పొందినవి. ఇటువంటి చోట్ల కొన్న భాగానికి రసీదు తీసుకోవాలి. దొంగిలించిన వాహనాలను విప్పి అమ్మే వ్యాపారం కూడా ఉన్నందున, నంబరు చెరిపివేసిన ఇంజనును ఎంత చౌకగా వచ్చినా కొనరాదు.

దాత వాహనం: ఒకే రకానికి చెందిన రెండు శిథిల వాహనాలను కొని ఒకదానిని బాగుచేయడం మరొక పద్ధతి. భాగాలన్నీ ఒకేచోట దొరకడం దీనిలోని సౌలభ్యం. రెండవ వాహనం శాశ్వతంగా నశించిపోవడం నష్టం. కావున రెండింటిలో అరుదైనది, అసలు భాగాలు ఎక్కువగా మిగిలినది ఏదో ముందుగా నిర్ణయించుకోవాలి.

భాగాలను తయారు చేయించుట

ఎక్కడా దొరకని భాగాన్ని తయారు చేయించవలసి ఉంటుంది. బుష్షులు, పిన్నులు, షాఫ్టులు లేతు మిషనుపై తయారవుతాయి. అరిగిన సిలిండరుకు బోరింగ్ చేసి పెద్ద కొలత పిస్టను వేయవచ్చును, లేదా స్లీవు దించి తొలి కొలతకే తేవచ్చును. రెండవ పద్ధతి వలన భవిష్యత్తులో మళ్ళీ మరమ్మత్తుకు అవకాశం మిగులుతుంది. పోత భాగాలకు పాత భాగాన్నే నమూనాగా వాడతారు. లోహం చల్లారినప్పుడు కుంచించుకు పోతుంది కాబట్టి నమూనాను కొంచెం పెద్దదిగా చేయాలి. విరిగినదైనా సరే పాత భాగాన్ని పారవేయరాదనడానికి కారణం ఇదే. ముక్కలున్నంత కాలం కొలతలు తీసుకోవచ్చును.

చెక్క భాగాల విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకత కలదు. వరాహ నది ఒడ్డున గల ఏటికొప్పాక గ్రామం లక్క బొమ్మలకు ప్రసిద్ధి. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతున్న కర్రకు లక్కను ఒరిపిడి వేడితో పట్టించడం ఈ విద్య. పాత ఉయ్యాల బల్లలు, పందిరి మంచాలు, కుర్చీల తరిణె పనికి ఇటువంటి నైపుణ్యమే అవసరం. అయితే అంకుడు తేలికైన మెత్తని కర్ర. బరువు మోసే కాళ్ళకు టేకు వంటి గట్టి కర్రనే వాడాలి.

నేటి ఇంధనం, జాగ్రత్తలు

భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుండి సీసం లేని పెట్రోలు మాత్రమే లభిస్తున్నది. సీసం కలిసిన పెట్రోలుకు రూపొందిన పాత ఇంజనులలో వాల్వు సీట్లు త్వరగా అరిగిపోయే అవకాశం ఉన్నది. హెడ్డు విప్పినప్పుడు గట్టి సీట్లు వేయించడం దీనికి పరిష్కారం. 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు దేశమంతటా వాడుకలోకి వచ్చినది. ఇది పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రాలను, కార్క్ గాస్కెట్లను పాడుచేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలు వేయడం, ఎక్కువకాలం నిలిపి ఉంచే వాహనం ట్యాంకు ఖాళీ చేయడం అవసరం.

కొన్ని పాత బ్రిటిష్ వాహనాలలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. ఇది గమనించక బ్యాటరీని తిప్పి కలిపితే విద్యుత్ పరికరాలు చెడిపోవచ్చును. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది. బ్రేకు డ్రమ్ములోని దుమ్మును గాలితో ఊదరాదు, తడి గుడ్డతో తుడవాలి.

ఎంతవరకు మార్చవచ్చును?

పునరుద్ధరణలో ఎక్కువగా జరిగే నష్టం అతిగా బాగుచేయడం. తొలి రంగును పూర్తిగా గీకివేసి మెరిసే కొత్త రంగు వేస్తే, ఆ వాహనం మొదట ఏ రంగులో ఉన్నదో చెప్పే ఆధారం పోతుంది. 2012లో ఫీవా ఆమోదించిన ట్యూరిన్ ఛార్టర్ వీలయినంత తక్కువ జోక్యాన్ని, మార్చిన భాగాలపై గుర్తులను, జరిగిన పని అంతటికీ రాతపూర్వక వివరాలను కోరుతుంది.

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శించబడుతున్న నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు దీనికి మంచి ఉదాహరణ. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 1911లో ఆర్డరు చేయబడిన ఈ కారుకు బార్కర్ సంస్థ సింహాసనం వంటి ఆసనంతో బాడీ కట్టినది. చాలా తక్కువ దూరం మాత్రమే నడిచిన ఈ కారు విలువ దాని వేగంలో లేదు, తొలి రూపం నిలిచి ఉండడంలో ఉన్నది. అంత ఘనత లేని అంబాసిడర్‌కు, జావాకు కూడా ఈ సూత్రమే వర్తిస్తుంది.

చట్టాలు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషనుకు ప్రత్యేక నియమాలను ప్రకటించినది. వీటి ప్రకారం కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, తిరిగి చేయించుటకు 5,000 రూపాయలు. ఇది 10 సంవత్సరాలు చెల్లుతుంది. నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత 'వి ఎ' అక్షరాలు ఉంటాయి. ఇదివరకే రిజిస్టరైన వాహనాలు పాత నంబరును ఉంచుకోవచ్చును. ఇటువంటి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, ఇంధనం నింపుటకు, మరమ్మత్తుకు మాత్రమే రోడ్డుపైకి తేవచ్చును. ఛాసిస్‌ను, బాడీని, ఇంజనును గణనీయంగా మార్చిన వాహనం ఈ గుర్తింపుకు అర్హం కాదు. ఇంజను మార్చివేసి సులువుగా నడిపించుకున్న యజమాని, తెలియకుండానే ఈ అర్హతను పోగొట్టుకోగలడు.

ఇతర పురాతన వస్తువులకు 1976 నుండి అమలులో ఉన్న 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుంది. సాధారణంగా 100 సంవత్సరాలు, విలువైన రాతప్రతులకు 75 సంవత్సరాలు దాటితే అవి పురావస్తువులు కాగలవు. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. వ్యక్తులు వాటిని విదేశాలకు పంపరాదు.

నైపుణ్యం నిలుపుకొనుట

విడిభాగం పోతే మరొకటి పోత పోయించవచ్చును. కార్బురేటరును చెవితో విని సరిచేయగల, రేకును సుత్తితో వంపు తిప్పగల మేస్త్రీ విద్య సాధారణంగా పుస్తకాలలో ఉండదు. నేటి వాహనాల మరమ్మత్తు కంప్యూటరు ఆధారంగా జరుగుతున్నందున కొత్తతరం మెకానిక్కులకు ఈ పని నేర్చుకొనే అవసరం కలగడం లేదు. కావున పాత వాహనం పని చేయించేవారు మేస్త్రీ చేసే పనిని దశలవారీగా రాసి, చిత్రాలు తీసి, ఆయన పేరుతో సహా వాహన పత్రాలతో భద్రపరచడం మేలు. ఆ వాహనాన్ని తరువాత విప్పబోయే మనిషికి ఆ పుస్తకమే మొదటి విడిభాగం.