ప్రసార మాధ్యమాలు (దత్తాంశ ప్రసారం)

దత్తాంశ ప్రసారంలో ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి సంకేతాలను చేరవేసే మార్గాన్ని ప్రసార మాధ్యమం అంటారు. సంకేతం లోహపు తీగ వెంట గానీ గాజు పోగు వెంట గానీ పయనిస్తే అది తీగ మాధ్యమం. విద్యుదయస్కాంత తరంగంగా గాలిలో లేక శూన్యంలో పయనిస్తే అది నిస్తంత్రీ మాధ్యమం. ఆచరణలో ఈ రెండూ కలిసే పనిచేస్తాయి. సెల్‌ఫోను సంకేతం సమీపంలోని టవరు వరకే గాలిలో వెళ్ళి, ఆపైన చాలా దూరం గాజు పోగులలోనే సాగుతుంది.

తీగ మాధ్యమాలు

కార్యాలయాలలో కంప్యూటర్లను కలిపేది ఎక్కువగా మెలివేసిన జంట రాగి తీగ. బయటి విద్యుత్ అలజడి జంటలోని రెండు తీగలపైనా దాదాపు సమానంగా పడుతుంది. గ్రాహకం ఆ రెండింటి మధ్య భేదాన్ని మాత్రమే స్వీకరిస్తుంది కనుక అలజడి చాలావరకు రద్దవుతుంది. పక్క జంటల సంకేతం సోకడం కూడా మెలి వలన తగ్గుతుంది. పాత టెలిఫోన్లలో ఇతరుల మాటలు వినిపించడానికి ఈ సోకుడే ఒక కారణం. ఈథర్‌నెట్‌లో ఈ తీగకు సాధారణ పరిమితి 100 మీటర్లు. కేబుల్ టీవీకి వాడే కోయాక్సియల్ తీగలో నడిమి తీగ చుట్టూ బంధకం, దానిపై లోహపు అల్లిక ఉంటాయి.

ఆప్టికల్ ఫైబరులో కాంతి సంపూర్ణాంతర పరావర్తనం వలన బయటకు పోక లోపలే పయనిస్తుంది. గాజులో కాంతి త్వరగా క్షీణించడానికి ప్రధాన కారణం అందలి మాలిన్యాలేనని, గాజు స్వభావం కాదని 1966లో చార్లెస్ కావో వాదించాడు. ఇందుకు ఆయనకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. నేటి ఫైబరులో కాంతి సుమారు 15 కిలోమీటర్లు పయనించిన తరువాత గానీ దాని శక్తి సగానికి తగ్గదు.

నిస్తంత్రీ మాధ్యమాలు

తీగ వేయలేని చోట, కదిలే వాహనాలలో వీటికి ప్రత్యామ్నాయం లేదు. అయితే గాలి అందరికీ ఉమ్మడి. ఒకే పౌనఃపున్యాన్ని ఒకే చోట ఇద్దరు వాడితే సంకేతాలు కలగాపులగమవుతాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే మైక్రోవేవ్ పొయ్యి కూడా పనిచేస్తుంది. పౌనఃపున్యం 10 గిగాహెర్ట్జ్ దాటిన కొలదీ వర్షపు చినుకులు సంకేతాన్ని ఎక్కువగా క్షీణింపజేస్తాయి. జోరువానలో డిష్ టీవీ బొమ్మ నిలిచిపోవడం ఇందువల్లనే.

అండమాన్ ఉదాహరణ

తెలుగువారు గణనీయంగా నివసించే పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) 2020 వరకు ముఖ్యంగా ఉపగ్రహ సంధానంపైనే ఆధారపడింది. భూస్థిర ఉపగ్రహం 35,786 కి.మీ. ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్ళి దిగడానికి దాదాపు పావు సెకను, జవాబు తిరిగి రావడానికి మరో పావు సెకను పడుతుంది. దీనికి తోడు ఉపగ్రహ సామర్థ్యం పరిమితం. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భ ఫైబరు సంధానం ప్రారంభమైంది. ఈ దీవులన్నిటికీ కలిపి వేసిన కేబులు పొడవు సుమారు 2,300 కి.మీ. అంత పొడవునా వెళ్ళి రావాలన్నా, గాజులో సెకనుకు 2 లక్షల కి.మీ. వేగంతో పయనించే కాంతికి పట్టేది సెకనులో నలభయ్యో వంతు కన్నా తక్కువే.

కేబులుకూ బలహీనత కలదు. 2008 జనవరి 30న ఈజిప్టు తీరాన అలెగ్జాండ్రియా సమీపంలో రెండు సముద్రగర్భ కేబుళ్ళు తెగి, భారతదేశంలో అంతర్జాల సేవలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తెగిన కేబులును ఓడలో వెళ్ళి, అడుగు నుండి పైకి లాగి, గాజు పోగులను ఒక్కొక్కటిగా అతికించవలసి ఉంటుంది.