గేరు తనంతట మారు పాతబండి

రాజంపేట నుండి ఒంటిమిట్ట మీదుగా కడపకు పోవునపుడు కారులోని గేరుపెట్టె లోపము అంతగా తెలియదు. కడప దాటి రాయచోటి దారిలో గువ్వలచెరువు కనుమ ఎక్కునపుడు బయటపడును. (అచటి పాలకోవకై ఆగువారికి బండి చల్లారుటకు వ్యవధియు చిక్కును.)

గేరు తనంతట మారు కారులు 1940 నమూనా ఓల్డ్స్‌మొబైలుతో అమెరికాలో వ్యాప్తికి వచ్చినవి. ఎలక్ట్రానిక్ అదుపు లేని ఇట్టి పాతబండ్లలో రెండు నూనె ఒత్తిడులు పెనుగులాడుచుండును. బండి వేగముతో పెరుగు ఒత్తిడి పైగేరు వేయజూచును. యాక్సిలరేటరును తొక్కినకొలది పెరుగు ఒత్తిడి దాని నాపును. ఈ రెండవదానిని పెక్కు బండ్లలో ఒక తీగయో, కడ్డీయో నడపును.

తీగ బిగువైనచో సాధారణముగా గేరు ఆలస్యముగా, కుదుపుతో మారును. వదులైనచో త్వరపడి మారును. కొన్ని బండ్లలో లోపలి క్లచ్చి ప్లేట్లపై పట్టు తగ్గి, అవి జారి మాడిపోవును. మేము ఎక్కువ భయపడునది ఈ రెండవదానికే. కుదుపు నడుమును నొప్పించును. జారుడు గేరుపెట్టెనే తినివేయును.

తీగను ముట్టుటకు ముందు నూనె చూడవలెను. అది నల్లబడి మాడువాసన వేయుచున్నచో తీగను సవరించి ప్రయోజనము లేదు. నూనె బాగున్నచో, తయారీదారుల పుస్తకములోని కొలతకు తీగను సరిచేసి, అదే దారిలో మరల నడిపి చూడవలెను. మెకానిక్కు చెవి గొప్పదే. అయినను ఆ కొలతను విడువరాదు.

కనుమ దిగునపుడు ఈ సవరణ అక్కరకు రాదు. యాక్సిలరేటరు వదలినంతనే బండి పైగేరునే కోరును. మీటను క్రిందిగేరునకు మనమే దింపి, అచటనే ఉంచవలెను.