కిట్ పాస్ నుంచి కస్టమ్స్ దాకా

రైల్వే కాలనీలో పెరిగిన పిల్లలకు బదిలీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకరోజు ఎదురు క్వార్టర్ వరండాలో అట్టపెట్టెలు కనిపిస్తాయి. గిన్నెలు గోనెసంచుల్లోకి చేరతాయి. వారం తిరిగేసరికి తరగతిలో మన పక్క చోటు ఖాళీ అవుతుంది.

మా తాతయ్య 1978లో వాల్తేరు నుంచి బిలాస్‌పూర్‌కు అలాగే వచ్చారు. అప్పట్లో రెండు ఊళ్లూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే పనిచేయడం మొదలైంది 2003లో. బదిలీ అయిన ఉద్యోగికి రైల్వే కిట్ పాస్ ఇస్తుంది. దాని మీద ఇంటి సామాను కిరాయి లేకుండా తెచ్చుకోవచ్చు. ఆనాడు వ్యాగన్‌కు ఎక్కించిన ప్రతి వస్తువునూ తాతయ్య ఒక నోటు పుస్తకంలో రాసుకున్నారు. ‘రోలు, పొత్రం 1. ఇత్తడి బిందెలు 3. పెద్ద గంగాళం 1. నులకమంచాలు 2. కుట్టుమిషన్ 1.’ ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఆయన ప్రతి పెట్టెకూ ఒక అంకె వేసి, ఆ అంకె కింద లోపలి వస్తువులు రాశారు. చిన్నప్పుడు దాన్ని చూసి నవ్వుకునేవాళ్లం. 2018లో మా చిన్నాన్న సామాను రేవులో చిక్కుకున్నాక నవ్వడం మానేశాం.

తొమ్మిదో నంబరు పెట్టె

చిన్నాన్న పదకొండేళ్లు మస్కట్‌లో పనిచేసి, 2018 మే నెలలో పిన్నినీ చెల్లినీ తీసుకుని శాశ్వతంగా తిరిగి వచ్చేశారు. మనుషులు విమానంలో వచ్చారు. పద్నాలుగు పెట్టెల సామాను ఓడలో బయలుదేరింది. సర్దే పనంతా ఒక ఏజెంటుకు అప్పగించారు. అతను జాబితాలో ‘వాడిన ఇంటి సామాను, 14 పెట్టెలు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు.

జూన్‌లో ఓడ తూర్పు తీరంలోని ఒక రేవుకు చేరింది. కస్టమ్స్ అధికారి పెట్టెలు విప్పించారు. ఒకదాంట్లో ఎదురింటివాళ్లు ‘మా తమ్ముడికి అందించండి, బట్టలే’ అని ఇచ్చిన మూసిన పొట్లం ఉంది. విప్పితే ఆరు కొత్త మొబైల్ ఫోన్లు బయటపడ్డాయి. వాటి సంగతి తేలేదాకా మిగతా సామాను కూడా ఆగిపోయింది.

అసలు కష్టం తొమ్మిదో నంబరు పెట్టెది. చెల్లి పాత స్కూలు ఇచ్చిన టీసీ, మార్కుల కాగితాలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి, పుస్తకాలతో పాటు అందులోనే సర్దేశారు. ఇక్కడ బళ్లు తెరిచారు. టీసీ లేనిదే తొమ్మిదో తరగతిలో చేర్చుకోవడం కుదరదన్నారు. అక్కడి స్కూలుకు మెయిల్ పంపితే వేసవి సెలవులని జవాబు వచ్చింది. సామాను 19 రోజులు ఆగింది. అన్ని రోజులూ చెల్లి నా పాత పుస్తకాలు ముందేసుకుని ఇంట్లోనే కూర్చుంది. జులై రెండో వారంలో బడిలో చేరేసరికి లెక్కల్లో రెండు పాఠాలు అయిపోయాయి.

ఫోన్లు ఇచ్చినవాళ్లు తర్వాత మా ఫోన్ ఎత్తలేదు. చిన్నాన్న వాటిని వదులుకున్నారు. అయినా తన సామానులో దొరికినందుకు జరిమానా తప్పలేదు. రేవులో సామాను ఉంచినన్ని రోజులకూ అద్దె కూడా కట్టారు. సమయానికి సరుకు విడిపించుకోకపోతే రైల్వేలో వార్ఫేజ్, డెమరేజ్ ఎలా పడతాయో మన కాలనీ వాళ్లకు తెలుసు. రేవులోనూ అదే తీరు.

మన సామానుకు సుంకం ఎందుకు?

‘నా మంచం, నా గిన్నెలు నేను తెచ్చుకుంటుంటే పన్నేమిటి?’ అని పిన్ని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మన దేశంలో ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి సొంత సామాను తీసుకెళితే ఎవరూ సుంకం అడగరు. దేశం సరిహద్దు దాటితే లెక్క వేరు. విదేశీ సరుకు తెచ్చి అమ్మే వ్యాపారి దిగుమతి సుంకం కడతాడు. ఎవరైనా పది కొత్త టీవీలు తెచ్చి ‘ఇంటి సామాను’ అంటే ఆ సుంకం ఎగ్గొట్టినట్టే. అందుకే అధికారి ఏది వాడుకునేది, ఏది అమ్ముకునేది అని వేరుచేసి చూస్తారు.

దీనికి ఆధారం 1962 నాటి కస్టమ్స్ చట్టం. తన సామానులో ఏముందో యజమానే ప్రకటించాలని అందులోని 77వ సెక్షన్ చెబుతుంది. సొంతానికీ కుటుంబానికీ వాడుకునే నిజమైన సామానుకు సుంకం మినహాయింపు ఇచ్చేది 79వ సెక్షన్. ముందు చెప్పాలి, తర్వాత మినహాయింపు అడగాలి. మేము చెప్పకుండానే మినహాయింపు కోరుకున్నాం.

అంకెలు ఏం చెబుతాయి?

చిన్నాన్న వచ్చినప్పుడు అమల్లో ఉన్నవి 2016 ఏప్రిల్ 1న వచ్చిన బ్యాగేజీ నియమాలు. విదేశంలో ఉండి తిరిగి వచ్చి స్థిరపడేవారికి వాటిలో ‘నివాస మార్పు’ రాయితీ ఉంది. విదేశంలో ఎంతకాలం ఉన్నారన్న దాన్ని బట్టి అది పెరుగుతుంది.

3 నుంచి 6 నెలలు ఉంటే 60,000 రూపాయల దాకా.
6 నెలల నుంచి ఏడాది దాకా ఉంటే 1,00,000 దాకా.
గత రెండేళ్లలో కనీసం ఏడాది ఉంటే 2,00,000 దాకా.
రెండేళ్లు, ఆపైన ఉంటే 5,00,000 దాకా.

చివరి మెట్టుకు షరతులు ఉన్నాయి. ఆ రెండేళ్లలో సెలవులకు వచ్చి ఇండియాలో గడిపిన రోజులు మొత్తం ఆరు నెలలు దాటకూడదు. గత మూడేళ్లలో ఇదే రాయితీ వాడుకుని ఉండకూడదు. చిన్నాన్న పాస్‌పోర్టులో ముద్రలు చూసి రోజులు లెక్కపెట్టారు. రెండేళ్లలో డెబ్బై రోజులే తేలింది. ఆయన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వంట సామాను అన్నీ ఈ రాయితీలో సుంకం లేకుండానే వచ్చాయి.

ఒక్క టీవీ రాలేదు. తుపాకులు, పరిమితికి మించిన మద్యం, సిగరెట్లు, నగలు కాని బంగారం ఉన్న పట్టికలోనే ఫ్లాట్ ప్యానెల్ టీవీ కూడా ఉంది. 2013 ఆగస్టు 26 నుంచి ప్రయాణికులు తెచ్చే ఈ టీవీలకు సుంకం మినహాయింపు తీసేశారు. 2018లో రేటు ఇలా ఉండేది: విలువ మీద 35 శాతం, ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌చార్జి. రెండూ కలిపి 38.5 శాతం. అధికారి మా టీవీ విలువ 40,000గా కట్టారు. సుంకం 15,400 రూపాయలు. ‘ఇది ముందే తెలిస్తే అక్కడే అమ్మేసి వచ్చేవాణ్ణి’ అన్నారు చిన్నాన్న.

ఇంకో సంగతి. విమానంలో వచ్చే మనిషికి 2016 నియమాలు ఇచ్చిన 50,000 రూపాయల మామూలు రాయితీ ఓడలో విడిగా వచ్చే సామానుకు వర్తించదు. విడిగా వచ్చే సామాను విదేశంలో మన దగ్గర ఉన్నదే అయి ఉండాలి. మనం దిగిన నెలలోపు అక్కడి నుంచి బయలుదేరాలి. ముందే వస్తే, ఓడలో మనకంటే రెండు నెలల ముందు దాకా రావచ్చు.

ఈ అంకెలు 2016 నియమాలవి. ప్రభుత్వం వీటిని మారుస్తూ ఉంటుంది. కాబట్టి బయలుదేరే ముందు కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో ఆనాటి అంకె చూసుకోవాలి.

రంగూన్ నుంచి వచ్చినవాళ్లు

మేము 15,400 కట్టి బాధపడుతుంటే తాతయ్య తన వాల్తేరు రోజుల సంగతి చెప్పారు. అది విన్నాక మా బాధ చిన్నదైంది.

విశాఖపట్నం రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న వచ్చింది. అంతకు ముందు నుంచే ఉత్తరాంధ్ర, గోదావరి తీరాల వాళ్లు వేలమంది పనుల కోసం బంగాళాఖాతం దాటి రంగూన్ వెళ్లేవారు. కోరంగి రేవు పేరుతో అక్కడ తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అనేవారు. 1962లో బర్మాలో సైనిక పాలన వచ్చింది. 1964లో దుకాణాలనూ వ్యాపారాలనూ ప్రభుత్వం తీసేసుకుంది. పెద్ద నోట్లు చెల్లవన్నారు. తరాలుగా అక్కడే ఉన్న భారతీయులు లక్షల్లో తిరుగుముఖం పట్టారు. ఓడ ఎక్కే ముందు వాళ్లను సోదా చేసి నగలు, విలువైనవి తీసుకెళ్లనివ్వలేదు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఇళ్ల వల్లే విశాఖలో కంచరపాలెం వైపు ఒక పేటకు బర్మా క్యాంప్ అని పేరు వచ్చింది. ఆ కుటుంబాలకు రాయితీ పట్టిక లేదు, అడిగే దారీ లేదు. మనకు నియమాలు రాతలో ఉన్నాయి. చదువుకుంటే చాలు.

బయటికి పంపాలంటే

ఇక్కడి నుంచి విదేశానికి సామాను పంపేటప్పుడు రెండు దేశాల నియమాలు చూడాలి. మా అక్క ఉద్యోగానికి అమెరికా వెళుతున్నప్పుడు ఇవన్నీ తెలుసుకున్నాం.

కనీసం ఏడాది వాడిన ఇంటి సామానుకు అమెరికా సుంకం వేయదు. దానికి ఫారం 3299 నింపాలి. మాంసం పచ్చళ్ల లాంటివి చాలావరకు రానివ్వరు. ఆస్ట్రేలియా విత్తనాల విషయంలో, చెక్క వస్తువుల విషయంలో చాలా పట్టుదలగా ఉంటుంది.

సామాను పెట్టే చెక్కపెట్టెకూ నియమం ఉంది. పచ్చి చెక్కలోని పురుగులు దేశాలు దాటకుండా ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. చెక్కను దాని గుండె దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచడం అందులో ఒక పద్ధతి. అలా చేసిన చెక్క మీద ముద్ర ఉంటుంది. ముద్ర లేని పెట్టెను అవతలి రేవులో ఆపేయవచ్చు.

మన దేశం బయటికి పోనివ్వని వస్తువులూ ఉన్నాయి. ఏనుగు దంతం, నెమలి ఈకలు పంపకూడదు. ఎర్రచందనం మీద కట్టుదిట్టమైన ఆంక్షలు ఉన్నాయి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను, పాతకాలపు పనితనం ఉన్న వస్తువులను వ్యక్తులు విదేశాలకు పంపకూడదు. విలువైన రాతప్రతులకు ఆ వయసు 75 ఏళ్లే. ఒక వస్తువు అంత పాతది కాదని పురావస్తు శాఖ నుంచి పత్రం తెచ్చుకోవచ్చు.

గుర్తుంచుకోవలసినవి

పెట్టెకు అంకె వేయండి. లోపలి ప్రతి వస్తువూ, ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్నది రాయండి. రసీదులుంటే దాచండి.

టీసీ, మార్కుల కాగితాలు, జనన ధ్రువపత్రం, మందుల చీటీలు ఓడకు ఎక్కించకండి. చేతి సంచిలో ఉంచుకోండి.

రైల్వేలో ఆర్‌ఆర్ ఎలాగో ఓడకు బిల్ ఆఫ్ లేడింగ్ అలాగ. అది లేనిదే సామాను ఇవ్వరు. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

ఎవరు ఇచ్చినా, ఎంత దగ్గరివాళ్లయినా, మూసిన పొట్లం తీసుకోకండి. విప్పి చూసి, జాబితాలో రాసి తీసుకోండి. మొహమాటం అనిపిస్తే మా చెల్లి 19 రోజులు గుర్తు తెచ్చుకోండి.

అక్క సామాను సర్దేటప్పుడు జాబితా రాసే పని నాకు అప్పగించారు. తాతయ్య కుర్చీ పక్కన వేసుకుని కూర్చున్నారు. ‘వ్యాగన్‌కైనా ఓడకైనా జాబితా ఒక్కటేరా, ఉన్నది ఉన్నట్టు రాయి’ అన్నారు. పదకొండు పెట్టెలు రాశాను. అక్క ఇత్తడి గంగాళం కూడా తీసుకెళతానంది. దాని వయసెంతని తాతయ్యను అడిగాం. వాళ్ల నాయనమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నదట. వేళ్ల మీద లెక్కపెడితే వందేళ్లు దాటింది.

జాబితాలోంచి దాన్ని కొట్టేశాను. గంగాళం మా వరండాలోనే ఉంది. వేసవిలో అందులో నీళ్లు పోస్తాం.