దేవుడికి పట్టా ఉంది, చాట్‌బాట్‌కు ఏముంది?

ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గం గెలిచాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నీ వెంట తీసుకెళ్లి, మరుసటి ఏడు హంపిలో ప్రతిష్ఠించాడు. ‘నీకు రావడం ఇష్టమేనా స్వామీ’ అని అడగాల్సిన పని ఆనాడు ఎవరికీ లేదు. 411 ఏళ్లకు, 1925లో, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ ఇంచుమించు ఆ మాటే అడగమంది. కలకత్తాలో ఒక కుటుంబం ఇలవేల్పును ఎక్కడ ఉంచాలని తగాదా పడితే, విగ్రహం చట్టం దృష్టిలో వ్యక్తేననీ, దాని ఇష్టాన్ని తగాదాతో సంబంధం లేని మనిషి ద్వారా వినాలనీ చెప్పింది.

కృత్రిమ మేధకూ ఈ హోదా ఇవ్వాలా అన్న చర్చ ‘దానికి తెలివుందా’ దగ్గరే తిరుగుతోంది. చట్టం ఆ ప్రశ్న ఎన్నడూ వేయలేదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలో కంపెనీ కూడా వ్యక్తే. దానికి మాత్రం మెదడుందా?

అడగాల్సినవి రెండే. దాని తరఫున ఎవరు మాట్లాడతారు? నష్టం జరిగితే కట్టడానికి దాని దగ్గర ఏముంది? దేవుడు నిత్య మైనరు; ధర్మకర్తో, ఈఓనో ఆయన తరఫున నిలబడతారు. మాన్యం రికార్డులో యజమాని గడిలో దేవుడి పేరే ఉండాలి, పూజారిది కాదని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరు 6న తేల్చింది. ఆస్తితో పాటే బరువూ వచ్చింది: దేవుడి ఆదాయంపై పన్ను వేయవచ్చని 1969లోనే తీర్పుంది.

ఆస్తి లేని వ్యక్తిత్వం ఎక్కడ చిక్కుకుంటుందో గంగ చూపించింది. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలను వ్యక్తులంది. వరదొచ్చి నష్టం జరిగితే పరిహారం ఎవరివ్వాలని రాష్ట్రం అడిగింది. జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

అదే ఏడు ఫిబ్రవరిలో యూరప్ పార్లమెంటు, రోబోలకు ‘ఎలక్ట్రానిక్ వ్యక్తి’ హోదా పరిశీలించమన్న తీర్మానాన్ని 396–123 ఓట్లతో ఆమోదించింది. ఏడాది దాటాక 150 మందికి పైగా నిపుణులు వద్దని లేఖ రాశారు. తయారీదారులు బాధ్యత తప్పించుకోవడానికి ఇది దారవుతుందన్న భయం ఉత్తదేం కాదు. 2022లో కెనడాలో ఒక విమానసంస్థ చాట్‌బాట్ టికెట్ రాయితీపై తప్పు చెప్పింది. అది వేరే చట్టబద్ధ వ్యక్తి, దాని మాటకు అదే బాధ్యురాలు అని సంస్థ వాదించింది. 2024లో ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, 812 డాలర్లు సంస్థ చేతే కట్టించింది.

రేపు సోమశిల నీళ్ల కింద వరి వేసిన ఆత్మకూరు రైతుకు ఏదో యాప్ మందు మోతాదు తప్పు చెప్పిందనుకుందాం. యాప్ ‘వ్యక్తి’ అయితే రైతు జప్తు చేయించుకోవడానికి దాని పేరున సెంటు భూమి ఉండదు. దాన్ని అమ్ముకున్న కంపెనీ పక్కకు తప్పుకుంటుంది. అందుకే ఇప్పుడైతే వ్యక్తిత్వం వద్దు, యజమానే జవాబుదారీ.

ఈలోగా చాట్‌బాట్ ఇచ్చిన జవాబును స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. కెనడా ప్రయాణికుడు ట్రిబ్యునల్‌కు చూపించింది అదే.