రాతినార - కార్మికుని ఊపిరి

హైదరాబాదు నుండి విజయవాడకు సాగే జాతీయ రహదారి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లను దాటి, ఆటోనగర్, హయత్‌నగర్‌ల మీదుగా పెద్ద అంబర్‌పేట్ చేరి అక్కడ బాహ్యవలయ రహదారిని కలుస్తుంది. దారికి ఇరువైపులా గోదాములు, లారీ మరమ్మతు షెడ్లు, పాత ఇనుము దుకాణాలు, కూలీల నివాసాలు కనిపిస్తాయి. వీటిలో అనేకానికి పైకప్పు బూడిదరంగు సిమెంటు రేకే. స్లాబు వేయడానికి స్తోమత లేనివానికి అది వరం. వెల తక్కువ, తుప్పు పట్టదు, నిప్పు అంటదు. ఆ రేకు అంత పలుచగా ఉండికూడ విరగకుండా నిలవడానికి కారణం సిమెంటులో కలిసిన ఒక నార. అది చెట్టునుండి వచ్చినది కాదు, రాతినుండి వచ్చినది. అందుకే తెలుగులో దానికి రాతినార అనే చక్కని పేరు ఏర్పడింది. లోకమంతటా వాడుకలో ఉన్న పేరు ఆస్బెస్టాస్. గ్రీకు భాషలో ఆ మాటకు ‘ఆరనిది’ అని అర్థం.

ఈ ఖనిజం తెలుగువారికి పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో సున్నపురాతి జాతి శిలల మధ్యకు ఒకనాడు కరిగిన శిలాద్రవం చొచ్చుకొని వచ్చినపుడు, ఆ వేడికి, నీటి ఆవిరికి రాయి మారి పోగులు పోగులుగా చీలే తెల్ల ఆస్బెస్టాస్ ఏర్పడింది. దానిని చాలాకాలం తవ్వి తీశారు. 1946లో హైదరాబాదు ఆస్బెస్టాస్ సిమెంటు ప్రొడక్ట్స్ అనే సంస్థ ఏర్పడింది. సనత్‌నగర్‌లో తయారైన ‘చార్మినార్’ రేకులు ఊరూరికీ చేరాయి. ఎంతగా అంటే, పల్లెల్లో సిమెంటు రేకుకు ఆ పేరే పర్యాయపదమైంది. 1986లో కేంద్రప్రభుత్వం రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వడం నిలిపివేసింది. అయితే రేకుల తయారీ ఆగలేదు. రష్యా, కజకిస్తాన్ వంటి దేశాల నుండి ముడి నార దిగుమతి అవుతూనే ఉన్నది. తవ్వడానికి ప్రమాదకరమని తలచినదాన్ని కొని తెచ్చి వాడడంలోని వైరుధ్యం ఎవరికైనా తోచకమానదు.

రాతినార వలన కలిగే కీడు ఎట్టిది? గోడకు ఆనించిన రేకుగాని, ఇంటిపై పగలకుండా ఉన్న రేకుగాని మనిషిని చంపదు. అందులోని నార సిమెంటులో బందీయై ఉంటుంది. ఆ బంధం తెగినపుడే అపాయం. రేకును రంపంతో కోసినపుడు, డ్రిల్లుతో తొలిచినపుడు, పాత షెడ్డును కూల్చి రేకులను కిందికి విసరినపుడు ధూళి లేస్తుంది. ఆ ధూళిలో కంటికి కనిపించేది సిమెంటు పొడి. కనిపించనిది నార. ఒక్కొక్క పోగు తల వెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నగా, సూదివలె నిడుపుగా ఉంటుంది. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు ఆపగలిగినవి కొన్నే. తక్కినవి ఊపిరితిత్తుల చిట్టచివరి గాలిగదుల దాకా పోతాయి.

శరీరంలో ఇటువంటి చొరబాటుదార్లను మింగి అరిగించే రక్షక కణాలు ఉన్నాయి. మామూలు దుమ్మునయితే అవి మింగివేస్తాయి. కాని ఈ నారపోగు పొడవు ఆ కణం పొడవును మించి ఉంటుంది. పామును మింగబోయిన కప్పకు పట్టే గతే ఆ కణానికీ పడుతుంది. మింగలేక, కక్కలేక చచ్చిపోతూ తనలోని ఘాటైన రసాయనాలను చుట్టూ చిమ్ముతుంది. వాటివల్ల వాపు వస్తుంది. వాపు మానినచోట మచ్చ కడుతుంది. నార మాత్రం అక్కడే ఉంటుంది. మరొక కణం వస్తుంది, అదీ ఓడిపోతుంది. ఈ పోరు ఏళ్ళ తరబడి సాగగా, స్పంజివలె మెత్తగా ఉండవలసిన ఊపిరితిత్తి తోలువలె గట్టిపడుతుంది. దీనినే ఆస్బెస్టోసిస్ అంటారు. మెట్లు ఎక్కినపుడు మొదలైన ఆయాసం కొన్నేళ్ళకు మంచం మీద కూర్చున్నా వదలదు. అదే పోరులో కణాల వంశసూత్రం దెబ్బతిని, అదుపు తప్పి పెరగడం క్యాన్సర్‌కు దారితీస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్, స్త్రీలలో అండాశయ క్యాన్సర్, ఊపిరితిత్తులను కప్పి ఉండే పలుచని పొరకు వచ్చే మీసోథీలియోమా - ఇవన్నీ రాతినార వలన వస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. తెలుపు, నీలం, గోధుమరంగు అనే భేదం లేకుండా అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ అది క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

ఈ సత్యం తెలియడానికి మనుషులే ఆధారమయ్యారు. 1899లో లండన్‌లోని చేరింగ్ క్రాస్ ఆసుపత్రికి ముప్పయి మూడేళ్ళ కార్మికుడొకడు ఆయాసంతో వచ్చాడు. తాను పని చేసిన నార ఏకే గదిలో మొదట ఉన్న పదిమందిలో తానొక్కడే మిగిలానని అతడు వైద్యుడు మాంటేగ్ మరేతో చెప్పాడు. మరుసటి ఏడు అతడూ పోయాడు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నీలి ఆస్బెస్టాస్ గనుల ప్రాంతంలో అరుదైన మీసోథీలియోమా గుంపుగా కనిపించడాన్ని ప్రకటించారు. 1964లో అమెరికాలో ఇర్వింగ్ సెలికాఫ్ గనుల్లోగాని కర్మాగారాల్లోగాని కాక, కట్టడాలలో రాతినారను వాడే పనివారిలోకూడ క్యాన్సర్ విస్తరించినట్లు చూపాడు. ఆయన బృందం 1979లో వెల్లడించిన లెక్క మరీ భయంకరమైనది. పొగ తాగక, రాతినార ముట్టక ఉన్నవానికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించే అవకాశం ఒకటి అనుకొంటే, నారతో పనిచేసేవానికి అది సుమారు 5 రెట్లు, పొగ తాగేవానికి సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవానికి 50 రెట్లకు పైగా ఉన్నది. బీడీ కాలుస్తూ రేకు కోసే కూలీ ఈ లెక్కలో ఏ వరుసలోకి వస్తాడో వేరుగా చెప్పనక్కరలేదు.

పెద్ద అంబర్‌పేట్ దారిలో ఈ అపాయం పైకప్పుల వద్దనే ఆగలేదు. లారీల బ్రేకు లైనర్లు, క్లచ్ పలకలు రాపిడికీ వేడికీ తట్టుకోవాలి కనుక చాలాకాలం వాటిని ఆస్బెస్టాస్‌తోనే చేశారు. ఆస్బెస్టాస్ లేని లైనర్లు వచ్చిన తరువాతకూడ, చూపుతో రెంటినీ వేరు చేయడం ఎవరికీ సాధ్యం కాదు. మెకానిక్ షెడ్డులో చక్రం విప్పగానే బ్రేకు డ్రమ్ములో నల్లని ధూళి కనిపిస్తుంది. ఉస్తాద్ చెప్పగానే పని నేర్చుకొనే కుర్రవాడు కంప్రెసర్ గాలితో దానిని ఊదుతాడు. ఒక్క నిముషంలో డ్రమ్ము శుభ్రమవుతుంది. ఆ ధూళి ఎక్కడికి పోయింది? కొంత షెడ్డులోకి, కొంత కుర్రవాని ఊపిరిలోకి, కొంత అతని చొక్కాలోకి. ఆ చొక్కా సాయంత్రం ఇంటికి వెళ్తుంది. తల్లియో, భార్యయో దానిని దులిపి ఉతుకుతుంది. 1965లో లండన్‌లో జరిగిన పరిశీలనలో, కర్మాగారంలో అడుగుపెట్టకుండానే, ఇంటివారి పనిబట్టలు ఉతికినందుకు మీసోథీలియోమాకు గురైన స్త్రీలు కనిపించారు. తడిగుడ్డతో తుడిస్తే, నీళ్ళు చల్లి తీస్తే ఆ ధూళి లేవదు. ముఖానికి చుట్టుకొనే చేతిరుమాలు ఈ నారను ఆపలేదు. అందుకు తగిన వడపోత గల మాస్కే కావాలి. రేకును కోయవలసి వస్తే మర రంపం మాని, తడిపి, చేతి రంపంతో కోయడం మేలు. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

ఈ వ్యాధి విషయంలో అన్నిటికంటె క్రూరమైనది కాలవ్యవధి. నార లోపలికి పోయిన నాటికీ, క్యాన్సర్ బయటపడే నాటికీ నడుమ ఇరవై నుండి నలభై ఏళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ గడుస్తాయి. పదిహేనేళ్ళ వయసులో డ్రమ్ము ఊదిన కుర్రవానికి యాభై ఏళ్ళప్పుడు దగ్గు మొదలైతే, దానిని క్షయ అనో, ఉబ్బసమనో, బీడీల ఫలితమనో భావించడం సులభం. 1700లోనే ఇటలీ వైద్యుడు రామజ్జీని వృత్తుల వలన వచ్చే వ్యాధులపై రాసిన గ్రంథంలో, రోగిని నీ పని ఏమిటని తప్పక అడగాలని వైద్యులకు సూచించాడు. మూడు వందల ఏళ్ళు దాటినా, కిక్కిరిసిన ఆసుపత్రులలో ఆ ఒక్క ప్రశ్నకు తీరిక దొరకడం అరుదే.

1995 జనవరి 27న భారత సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఈ కాలవ్యవధిని గుర్తించింది. వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం వేసిన ఆ వ్యాజ్యంలో తీర్పు రాసిన జస్టిస్ కె.రామస్వామి అంతకుముందు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానంలో న్యాయమూర్తిగా ఉన్నవారు. కార్మికుని ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు ప్రకటించింది. ఆస్బెస్టాస్ పరిశ్రమలు ప్రతి కార్మికుని ఆరోగ్య వివరాలను, పనిలో చేరిన నాటినుండి నలభై ఏళ్ళు లేదా పని మానిన తరువాత పదిహేనేళ్ళు - ఏది తరువాత వస్తే అంతవరకు - భద్రపరచాలని ఆదేశించింది. ఆస్బెస్టోసిస్ ఉన్నట్లు నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారం నిర్ణయించింది. అయితే ఆస్బెస్టాస్ వాడకాన్ని పూర్తిగా నిషేధించాలన్న మరొక విన్నపాన్ని 2011లో అదే న్యాయస్థానం అంగీకరించలేదు. ఐరోపా సమాజ దేశాలలో 2005 నుండి నిషేధం అమలులో ఉన్నది. అమెరికా 2024లో తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. పని చేసేచోట రాతినారకు గురై ఏటా రెండు లక్షల మందికి పైగా మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

నలభై ఏళ్ళ వివరాలు దాచమన్న ఆదేశం, పేరు రాసుకొనే పుస్తకం ఉన్న కర్మాగారానికి వర్తిస్తుంది. రహదారి పక్క షెడ్డులో రోజుకూలికి రేకులు దింపినవాని పేరు ఏ పుస్తకంలో ఉంటుంది? మేస్త్రీ మారతాడు, షెడ్డు చేతులు మారుతుంది, ఆ స్థలంలో మరొక కట్టడం లేస్తుంది. పరిహారం కోరదలచిన కార్మికుడు తాను ఫలానా చోట, ఫలానా ఏడు, ఫలానా పని చేశానని చూపవలసి వచ్చినపుడు అతనివద్ద మిగిలే సాక్ష్యం, ఛాతీ ఎక్స్‌రేలో కనిపించే తెల్లని మచ్చలే.