బండికి లేజరు కన్ను

రాడారు రేడియో తరంగమును పంపి, అది ఎదుటి వస్తువును తాకి తిరిగివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరమును తెలుపునని శ్రోతలలో చాలమంది ఎరుగుదురు. రేడియో తరంగమునకు బదులు లేజరు కాంతిని పంపి ఆ పనినే చేయు సాధనమునకు లైడార్ అని పేరు. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. కావున 15 మీటర్ల దూరముననున్న గోడను తాకి తిరిగివచ్చుటకు దానికి సెకనులో కోటవ వంతు మాత్రమే పట్టును. ఇట్టి కిరణములను లక్షలకొలది పంపి, బండి తన పరిసరముల రూపమును గ్రహించును.

సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణలో, డ్రైవరు లేకుండ నడచు వాహనములను పరీక్షించుటకు ‘టీహాన్’ అను కేంద్రము కలదు. దాని పరీక్షాక్షేత్రము 2022 జూలై 4న ప్రారంభింపబడినది. ఇట్టి వాహనములకు లైడార్ ముఖ్యమైన కన్ను. అయితే కన్ను ఎంత మంచిదైనను, దానిని ఎచట, ఎట్లు బిగించితిమనునది అంతకంటె ముఖ్యము.

మొదటిది తావు. వినుకొండలో కొండమీది రామలింగేశ్వరస్వామి ఆలయముకడ నిలిచినవారికి దూరపు పొలములు కనబడును. కొండ అడుగున బండచాటున మేయు మేక కానరాదు. బండికప్పుపై నుంచిన లైడార్ సంగతియు నిట్టిదే. 2 మీటర్ల ఎత్తున నున్న సాధనము యొక్క అడుగు కిరణము 15 డిగ్రీలు మాత్రమే క్రిందికి వంగినచో, అది ఏడున్నర మీటర్ల అవతలగాని నేలను తాకదు. 3 మీటర్ల దూరమున నిలిచిన మీటరు ఎత్తు పసివాని తలమీదుగా అది పోవును. కావున బండి ముందును వెనుకను తక్కువ ఎత్తున వేరు సాధనములను గూడ అమర్చవలెను.

రెండవది దిట్టతనము. పలుచని రేకుమీద బిగించిన సాధనము బండి అదురునకు కదలును. చట్రమునకు గట్టిగా పట్టియున్న లోహపు పలకపై, నట్లు వదులుగాకుండ వాషర్లతో బిగించి, రసమట్టముతో సరిచూడవలెను. సాధనము ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగినను 100 మీటర్ల దూరమున 1.75 మీటర్ల తేడా వచ్చును. అది మూడున్నర మీటర్ల రోడ్డు వరుసలో సగము! వినుకొండ మీదుగా పోవు గుంటూరు రోడ్డుపై, మన దారిలోనే నిలిచిన ఎడ్లబండి ప్రక్కకు తొలగినదని యంత్రము భ్రమపడవచ్చును. ఆ భ్రమ ప్రాణాంతకము.

మూడవది కొలత. వెనుక ఇరుసు మధ్యనుండి సాధనము ఎంత ముందుకు, ఎంత ప్రక్కకు, ఎంత ఎత్తున నున్నదో కొలిచి యంత్రమునకు తెలుపవలెను. పిమ్మట చదునైన నేలపై, నిటారు గోడకెదురుగా బండిని నిలిపి పరీక్షింపవలెను. చిత్రములో నేల వాలినట్లును, గోడ ఒరిగినట్లును కనబడరాదు. దూరము టేపు కొలతతో సరిపోవలెను.

తీగ లాగబడకుండ కొంత వంపు విడిచి, కీలులలో నీరు చేరకుండ మూసి, మార్గములో ఫ్యూజు ఉంచవలెను. పల్నాటి వేసవి దుమ్ము గాజుపై పేరుకొన్నచో చూపు మందగించును. పొడిగుడ్డతో రుద్దక, నీటితో కడిగి మెత్తగా తుడువవలెను.

గతుకుల బాటలో తిరిగివచ్చిన ప్రతిసారియు గోడకెదుటి పరీక్షను మరల జరుపుట అవసరము. వదులైన నట్టును గూర్చి యంత్రము తనంతట ఫిర్యాదు చేయకపోవచ్చును. కనిపెట్టి బిగింపవలసిన బాధ్యత మనుష్యునిదే.