గుండ్రటి కడ్డీకి నాలుగు పలకలు - కాలెట్ దిమ్మె తయారీ



పోయిన ఎండాకాలం పరీక్షల ముందు మన స్నానాల గదుల దగ్గర నీళ్ల కోసం ఎంత అవస్థ పడినామో మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ట్యాంకు నిండా నీళ్లున్నాయి. పైపులు బాగున్నాయి. అయినా పంపుల్లో నీళ్లు సన్నగా దారంలాగా వచ్చేవి. చిన్న తరగతుల పిల్లలు కూడా బోరు దగ్గర నుంచి బకెట్లు మోసినారు. దీనికి కారణం ట్యాంకు కింద ఉన్న వాల్వు. పిడి తిప్పితే పిడి తిరుగుతుంది గానీ లోపలి కడ్డీ తిరగదు.

అది బటర్‌ఫ్లై వాల్వు. పైపు లోపల ఒక గుండ్రటి బిళ్ల, దాని మధ్యగా నిలువుగా ఒక కడ్డీ ఉంటాయి. కడ్డీ పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిరిగితే బిళ్ల తెరుచుకుంటుంది. మళ్లీ వెనక్కి పావు చుట్టు తిప్పితే మూసుకుంటుంది. కడ్డీ పైకొనను నాలుగు పలకలుగా చెక్కి, ఆ పలకల మీద పిడిని తొడుగుతారు. పలకలు అరిగిపోతే పిడి జారుతుంది. ఆ కడ్డీని అంతకుముందే ఒకసారి మార్చినారు. దాని పలకలు ఆకురాయితో చేత్తో అరగదీసినవి. అవి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. పైగా కడ్డీ నున్నటి భాగం మీద వైస్ పళ్ల గాట్లు పడినాయి. ఆ గాట్ల గుండా నీళ్లు కారేవి. రెండు నెలలకే పిడి మళ్లీ వదులైంది.

సెలవులకు నేను మార్కాపురంలో మా చిన్నాన్న ఇంటికి పోయినాను. చిన్నాన్న మొదట పలకల ఫ్యాక్టరీలో పని చేసి, తరువాత లేత్ పని నేర్చుకున్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక లేత్, ఒక పాత షేపింగ్ మిషన్, ఒక డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకున్నాడు. హెడ్మాస్టరు గారిని అడిగి ఆ వాల్వును గోనెసంచిలో కట్టుకొని తీసుకుపోయినాను. చిన్నాన్న కడ్డీని వేలితో తడిమి చూసి, "చెక్కడం రాక చెడిపోలేదు పాపా, పట్టుకోవడం చేతగాక చెడింది" అన్నాడు. ఆ మాటను ఆయన ఎట్లా చేసి చూపించినాడో చెప్పడమే ఈ వ్యాసం.

కాలెట్ అంటే ఏమిటి?

గుండ్రటి కడ్డీని వైస్‌లో బిగిస్తే రెండు గీతల మీదే పట్టు దొరుకుతుంది. ఎక్కువ బిగిస్తే గాటు పడుతుంది. తక్కువ బిగిస్తే జారుతుంది. లేత్ మూడు జాల చక్ మూడు చోట్ల పట్టుకుంటుంది. అక్కడ కూడా గుర్తులు పడే అవకాశం ఉంది. చుట్టూ సమానంగా పట్టుకునేది కాలెట్.

మా తాత బాణం కట్టేది నేను చూసినాను. వెదురుపుల్ల కొనను చీల్చి, ఆ చీలికలో ములికి తోకను దూర్చి, చుట్టూ నారతో బిగించి కట్టేవాడు. నార బిగిసే కొద్దీ చీలిక మూసుకొని ములికిని అన్ని వైపుల నుంచి పట్టుకుంటుంది. కాలెట్ కూడా ఇట్లాంటిదే. అది గట్టి స్ప్రింగు ఉక్కుతో చేసిన గొట్టం. నిలువునా చీలికలు ఉంటాయి. బయటి వైపు గరాటులాగా ఏటవాలుగా ఉంటుంది. దాన్ని అదే వాలు ఉన్న రంధ్రంలో పెట్టి ముందు నుంచి నట్టు బిగిస్తే, కాలెట్ లోపలికి పోతూ చీలికలు దగ్గరకు జరుగుతాయి. నారకు బదులు ఇక్కడ ఏటవాలు, నట్టు పని చేస్తాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడే రకం పేరు ఇ.ఆర్. కాలెట్. స్విట్జర్లాండుకు చెందిన రెగో-ఫిక్స్ కంపెనీ 1973లో దీన్ని తెచ్చింది. దీని వాలు ఒక్కో పక్క 8 డిగ్రీలు. మేము వాడినది ఇ.ఆర్. 20 రకం. అది 13 మి.మీ. కడ్డీ వరకు పట్టుకుంటుంది.

దిమ్మె ఎందుకు?

కాలెట్ కడ్డీని బాగా పట్టుకుంటుంది గానీ 90 డిగ్రీలు కొలవలేదు. అందుకని కాలెట్ కూర్చునే రంధ్రాన్ని ఒక నలుచదరపు ఇనుప దిమ్మెలో చేస్తారు. దిమ్మెను వైస్‌లో పెట్టి ఒక పలక చెక్కాలి. వైస్ వదులు చేసి దిమ్మెను పక్కకు దొర్లించి మళ్లీ బిగిస్తే కడ్డీ సరిగ్గా 90 డిగ్రీలు తిరిగినట్టే. ఇట్లా నాలుగుసార్లు చేస్తే నాలుగు పలకలు వస్తాయి. ఆరు ముఖాల దిమ్మె అయితే 60 డిగ్రీల చొప్పున ఆరు పలకలు చెక్కవచ్చు. డివైడింగ్ హెడ్ అనే ఖరీదైన సాధనం లేకపోయినా పని జరుగుతుంది. అందుకే దేశదేశాల్లో ఇంటి దగ్గర చిన్న లేత్ పెట్టుకున్నవాళ్లు ఈ దిమ్మెలను చేసుకుంటారు.

కావలసిన వస్తువులు

40 మి.మీ. చదరపు మైల్డ్ స్టీల్ కడ్డీ ముక్క 75 మి.మీ. పొడవు, ఇ.ఆర్. 20 కాలెట్, దాని నట్టు. కాలెట్‌ను, నట్టును కొనుక్కోవడమే మేలు. వాటిని గట్టిపరిచి సానపట్టే పని ఇంట్లో కుదరదు. నట్టు కంటే దిమ్మె పెద్దదిగా ఉండాలి. లేకపోతే వైస్‌లో పెట్టినప్పుడు దిమ్మెకు ముందే నట్టు తగులుతుంది.

తయారు చేసే విధానం

1. చదరపు ముక్కను లేత్‌లో నాలుగు జాల చక్‌కు బిగించినాము. నాలుగు ముఖాలకూ డయల్ ఆనించి, ముల్లు ఒకేచోట చూపేదాకా జాలను సర్దినాము. దీనికే అరపూట పట్టింది.

2. ముందు కొనను 18 మి.మీ. పొడవున 25 మి.మీ. గుండ్రంగా తిప్పి, నట్టుకు సరిపోయే మరలు కోసినాము. ఇ.ఆర్. 20 నట్టు మర 25 మి.మీ., మరకూ మరకూ మధ్య దూరం 1.5 మి.మీ.

3. మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు 13.5 మి.మీ. రంధ్రం వేసినాము. పొడుగు కడ్డీ వెనక్కి బయటపడడానికి ఇది అవసరం.

4. ఇప్పుడు అసలు పని, 8 డిగ్రీల వాలు. లేత్ పై స్లైడు మీద డిగ్రీల గీతలు ఉంటాయి గానీ వాటిని నమ్మితే సరిపోదు. చిన్నాన్న ఇంకో ముక్క మీద లెక్క చెప్పినాడు. దిమ్మెను చక్‌లో కదిలించకుండా, దాని రంధ్రంలో బిగువుగా పట్టే తిన్నని కడ్డీని దూర్చి దానికి పక్క నుంచి డయల్ ఆనించాలి. స్లైడును దాని దారిలో 50 మి.మీ. జరిపితే డయల్ 6.96 మి.మీ. చూపాలి. ఎందుకంటే సైన్ 8 డిగ్రీలు 0.1392, దాన్ని 50తో గుణిస్తే 6.96. మన పదో తరగతి త్రికోణమితి ఇనుములో పని చేయడం నేను అప్పుడే చూసినాను!

5. దిమ్మెను చక్ నుంచి తీయకుండానే లోపల ఆ వాలును బోరింగ్ చేసినాము. మధ్యలో తీసి మళ్లీ బిగిస్తే మర ఒక కేంద్రం మీద, వాలు ఇంకో కేంద్రం మీద పడతాయి. కాలెట్‌కు పలచగా నీలి రంగు పూసి లోపల పెట్టి కొద్దిగా తిప్పి తీస్తే, రంగు లోపల అంతా సమానంగా అంటాలి. మొదటిసారి మూతి దగ్గరే అంటింది. స్లైడును వెంట్రుకవాసి సర్ది మళ్లీ కోస్తే పూర్తిగా అంటింది.

6. చివరిది, నాలుగు ముఖాలూ కేంద్రానికి సమాన దూరంలో ఉన్నాయా అని చూడడం. దీనికి చదునైన బల్ల కావాలి. పలకల ఊరిలో ఉన్నాము కదా అని నేను ఒక పలకరాయి బిళ్లను పరుగున తెచ్చినాను. చిన్నాన్న దాని మీద ఉక్కు స్కేలును అంచుమీద నిలబెట్టి వెలుతురుకు పట్టినాడు. కింద సందులోంచి వెలుగు కనబడింది. "రాయి పొర ప్రకారం చీలుతుంది పాపా, పొర అలలాగా ఉంటే బిళ్ల కూడా అంతే" అన్నాడు. మందపాటి అద్దం ముక్క మీద స్కేలు నిలబెడితే వెలుగు రాలేదు.

కాలెట్‌లో తిన్నని కడ్డీని బిగించి దిమ్మెను అద్దం మీద పడుకోబెట్టినాము. కడ్డీ పైభాగం ఎత్తును డయల్‌తో చూసి, దిమ్మెను దొర్లించి నాలుగు ముఖాల మీదా అట్లాగే చూసినాము. ఒక ముఖం మీద పెట్టినప్పుడు ఎదుటి ముఖం కంటే 0.08 మి.మీ. ఎక్కువ వచ్చింది. అంటే ఆ ముఖం కేంద్రానికి అంత దూరంగా ఉందన్నమాట. ఆ ముఖాన్ని అంత మేరకు సన్నగా తీసినాము. మూలమట్టం పెట్టి అన్ని మూలలూ సరిచూసుకున్నాము. దిమ్మె తయారైంది.

వాల్వు కడ్డీ

కొత్త కడ్డీకి 12 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకున్నాము. పిడి రంధ్రం 8 మి.మీ. చదరం. 12 మి.మీ. వృత్తంలో పట్టే అతి పెద్ద చదరం భుజం 12ను 1.414తో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 8.48. కాబట్టి 8 మి.మీ. చదరం హాయిగా పడుతుంది. ఒక్కో పక్క తీయవలసింది (12 - 8) / 2 = 2 మి.మీ.

కాలెట్‌ను ముందు నట్టులోకి టక్కుమని కూర్చోబెట్టి, ఆ తరువాతే దిమ్మెకు ఎక్కించాలి. కాలెట్‌ను దిమ్మెలో పెట్టి పైనుంచి నట్టు బిగిస్తే కాలెట్ చెడిపోతుంది, తిరిగి బయటికి రాదు. కడ్డీ కొనను ముందుకు కొంచెమే బయటపెట్టి బిగించినాము. షేపింగ్ మిషన్ వైస్‌లో దిమ్మెను పెట్టి సన్నగా, నిదానంగా చెక్కినాము. నాలుగు పలకలకూ టూల్ ఆఖరి ఎత్తు ఒక్కటే. మధ్యలో దాన్ని ముట్టుకోలేదు. వెర్నియర్‌తో కొలిస్తే రెండు వైపులా 7.95 వచ్చింది. పిడి గట్టిగా, ఊగకుండా కూర్చుంది.

ఇక బిళ్లను కడ్డీకి బిగించే మేకు రంధ్రం ఉంది. అది పలకలకు సరిగ్గా అడ్డంగా రాకపోతే పిడి "తెరిచి ఉంది" అని చూపుతుంటే లోపల బిళ్ల సగమే తెరుచుకొని ఉంటుంది. కడ్డీ దిమ్మె వెనక నుంచి బయటికి వచ్చి ఉంది కదా! నట్టు వదులు చేయకుండా, దిమ్మెతో సహా డ్రిల్లింగ్ మిషన్ కిందికి తీసుకుపోయి, వెనక కొన కింద ఆధారం పెట్టి రంధ్రం వేసినాము. ఒకే పట్టులో రెండు కొనల పనీ అయిపోయింది. కాలెట్ విప్పి చూస్తే కడ్డీ నున్నటి భాగం మీద ఒక్క గీత కూడా లేదు.

జాగ్రత్తలు

చక్ కీని చక్‌లో మరచిపోయి మిషన్ వేయరాదు. ఇనుప తురుమును చేత్తో తీయరాదు, బ్రష్షు వాడాలి. జడ, చున్నీ, పొడుగు చేతుల చొక్కా మిషన్ దగ్గర ప్రమాదం. నేను జడ ముడి వేసుకొని, కళ్లద్దాలు పెట్టుకున్నాకే చిన్నాన్న నన్ను దగ్గరికి రానిచ్చినాడు. కాలెట్ సగం లోతు వరకే కడ్డీ ఉంటే పట్టు సరిగా రాదు. అట్లాంటప్పుడు వెనక అదే లావు ముక్కను ఆసరాగా పెట్టాలి.

జూన్‌లో బడి తెరిచినప్పుడు వాల్వును బిగించినారు. ఇప్పుడు ఉదయం గంట కొట్టగానే పిడిని పావు చుట్టు తిప్పితే పంపులన్నీ ఒక్కసారే వస్తున్నాయి. కడ్డీ చుట్టూ చెమ్మ కూడా లేదు. చిన్న తరగతుల పిల్లలు బకెట్లు మోయడం లేదు.

మిత్రులారా! మనలో చాలామంది పదో తరగతి తరువాత ఐ.టి.ఐ.లోనో పాలిటెక్నిక్‌లోనో చేరాలనుకుంటున్నారు. అక్కడ చెక్కడం అందరూ నేర్పుతారు. చెక్కే ముందు వస్తువును ఎట్లా పట్టుకోవాలో కూడా అడిగి నేర్చుకోండి. నేను ఫిట్టర్ ట్రేడులో చేరాలని నిర్ణయించుకున్నాను. "ఆడపిల్లకు అది ఎందుకు?" అన్నవాళ్లకు ఆ వాల్వు పిడి తిప్పి చూడమని చెబుతున్నాను. ఆ నాలుగు పలకల్లో రెండు నేను చెక్కినవే.

- పదవ తరగతి విద్యార్థిని